కోరినదిచ్చే మణి: కొన్ని విశేషాలు

వినాయక చవితి నాడు అక్షతలు చేతిలో పట్టుకుని మనం వినే శమంతకోపాఖ్యానం, కోరికలు తీర్చే మణుల కథల్లో మన ఇళ్లకు అన్నిటికంటే దగ్గరిది. సూర్యుడు సత్రాజిత్తుకిచ్చిన ఆ మణి రోజుకు ఎనిమిది బారువుల బంగారం ఇస్తుంది. అది పూజలందుకునే చోట కరవు, రోగం, పాము భయం ఉండవంటారు. అంతటి మణి కథ నడుమకు వచ్చేసరికి ఎక్కడుంటుందో గుర్తుందా? జాంబవంతుడి గుహలో, పసిబిడ్డ ఉయ్యాలకు కట్టి ఉంటుంది. మణి ధరించి వేటకు పోయిన సత్రాజిత్తు తమ్ముడు ప్రసేనుణ్ని చంపిన సింహాన్ని చంపి తెచ్చిన మణిని ఆ భల్లూకరాజు బిడ్డకు ఆటవస్తువుగా ఇచ్చేశాడు. ప్రసేనుడు ఎలా పోయాడో, సింహం ఎలా చచ్చిందో ఆ బిడ్డకు దాది పాడిన జోలపాటలోనే ఉంది. మణి కోసం ప్రసేనుణ్ని చంపాడని ద్వారక అంతా కృష్ణుడి మీద మోపిన నిందకు విరుగుడు దొరికింది ఒక జోలపాటలో! మణి కోసం మనుషులు ప్రాణాలు తీసుకుంటున్న కథలో, దాని విలువ ఏమీ పట్టని ఇల్లు ఆ ఎలుగుబంటిది ఒక్కటే.

చింతామణి, శమంతకం, కౌస్తుభం, బౌద్ధుల మణిరత్నం, జపాన్ వాళ్ల ‘న్యోయి హోజు’... పేర్లు వేరు, దేశాలు వేరు. ఈ కథలను వరసగా చదువుతూ పోతే ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. మణి ఏమిచ్చిందన్నది కథలో చిన్న సంగతి. అది చేతికొచ్చినవాడు ఏం చేశాడన్నదే అసలు కథ. ఆ విశేషాలు కొన్ని ఇక్కడ.

శమంతకం చివరికి ఎవరిదైంది?

చవితి కథ జాంబవతీ సత్యభామల పెళ్లిళ్లతో ముగుస్తుంది కాబట్టి, ఆ తర్వాత మణి ఏమైందో చాలామందికి తెలియదు. సత్రాజిత్తు కూతురితో పాటు మణినీ ఇవ్వబోతే కృష్ణుడు మణి వద్దన్నాడు. తర్వాత శతధన్వుడు సత్రాజిత్తును చంపి దాన్ని ఎత్తుకుపోయాడు, తరుముకొస్తున్నారని తెలిసి అక్రూరుడి దగ్గర దాచాడు. కృష్ణుడు శతధన్వుణ్ని చంపి వెతికితే మణి లేదు. ఈసారి అనుమానించింది ఊరివాళ్లు కాదు, తోడబుట్టిన బలరాముడే. అలిగి మిథిలకు వెళ్లిపోయాడు. దుర్యోధనుడు ఆయన దగ్గర గదాయుద్ధం నేర్చుకున్నది ఆ అలక రోజుల్లోనే!

చివరికి యాదవుల సభలో అక్రూరుడు మణిని బయటపెట్టాడు. బలరాముడికి ఆశ పుట్టింది. సత్యభామ అది తన పుట్టింటి సొత్తు అనుకుంది. అప్పుడు కృష్ణుడు ఇచ్చిన తీర్పు విష్ణుపురాణంలో ఉంది. ఈ మణిని శుచిగా, బ్రహ్మచర్యంతో ఉన్నవాడే ధరించాలి, లేకపోతే ధరించినవాడికే ముప్పు. పదహారు వేల మంది భార్యలున్న నేను దీనికి తగను. బలరాముడు తగాలంటే మద్యం మానాలి. కాబట్టి ఇది అక్రూరుడి దగ్గరే ఉండాలి, దాని ఫలం రాజ్యమంతటికీ అందాలి. ఇదీ ఆ తీర్పు సారాంశం. నిండు సభలో నేను దీనికి తగనని దేవుడే చెప్పుకున్న ఘట్టం పురాణాల్లో ఇంకెన్ని ఉంటాయి? చవితి కథలో ఈ భాగం కూడా చదివితే బాగుండునని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

గుండె మీది మణి

క్షీరసాగర మథనంలో పుట్టిన కౌస్తుభం విష్ణువు వక్షస్థలం చేరింది. అది ఆభరణమే కాదంటుంది విష్ణుపురాణం. మొదటి అంశం చివర స్వామి ఆయుధాలకూ నగలకూ వరసగా అర్థం చెబుతుంది. కౌస్తుభం ఏ మాలిన్యమూ అంటని జీవాత్మ. శ్రీవత్సం మూలప్రకృతి. గద బుద్ధి. ముత్యం, మాణిక్యం, మరకతం, ఇంద్రనీలం, వజ్రం కలిపి గుచ్చిన వైజయంతి మాల పంచభూతాలు. కత్తి జ్ఞానమైతే దాని ఒర అజ్ఞానం. ఈ లెక్కన గుడిలో మూలవిరాట్టు అలంకారాన్ని చూడటమంటే ఒక తత్త్వగ్రంథం చదవడమే.

తిరుమల కొండకు పురాణాలు చెప్పిన అనేక పేర్లలో ‘చింతామణి’ ఒకటి. అంజనాద్రి, వృషాద్రి, నారాయణాద్రి లాంటి పేర్ల సరసన, అడిగినవి ఇచ్చే కొండ కాబట్టి ఆ పేరు.

గాదెల్లేని ఆశ్రమంలో రాజభోజనం

పుణె దగ్గర తేవూరులో ఉన్న వినాయకుడి పేరు చింతామణి. మహారాష్ట్ర అష్టవినాయక క్షేత్రాల్లో ఇదొకటి. స్థలపురాణం ఇది: కపిల మహర్షి దగ్గర చింతామణి ఉంది. వేటకొచ్చిన గణుడనే రాజకుమారుడికీ అతని సైన్యానికీ మహర్షి ఆ మణి మహిమతో పంచభక్ష్య పరమాన్నాలు పెట్టాడు. తిన్నవాడికి కృతజ్ఞత కలగలేదు, కన్ను మణి మీద పడింది. బలవంతంగా లాక్కుపోయాడు. వినాయకుడు అతణ్ని చంపి మణి తెచ్చి ఇవ్వబోతే కపిలుడు పుచ్చుకోలేదు. దాన్ని కదంబ వృక్షం కింద వినాయకుడి మెడలోనే వేశాడు.

వసిష్ఠుడి నందిని, జమదగ్ని కామధేనువు కథలు తెలిసినవాళ్లకు ఈ కథ నడక వెంటనే గుర్తొస్తుంది. ఆశ్రమంలో విందు, రాజుకు దురాశ, దౌర్జన్యం అంతా అదే. తేడా ముగింపులో ఉంది. ఇక్కడ ఋషి పోయినదాన్ని తిరిగి తన దగ్గర ఉంచుకోలేదు. చేతిలో ఉన్నంతకాలం దానితో అతిథులకు అన్నం పెట్టాడు, తిరిగొచ్చినప్పుడు వద్దన్నాడు. నాలుగో పీష్వా మాధవరావు ఈ చింతామణికి పరమభక్తుడు. క్షయతో బాధపడుతూ చివరి రోజులు ఈ గుడి ఆవరణలోనే గడిపి, 1772 నవంబరులో ఇక్కడే కన్నుమూశాడు. అప్పటికి అతని వయసు 27 ఏళ్లు.

మణితో కట్టిన ఇల్లు

మన ఇళ్లలో శుక్రవారాలు, నవరాత్రులు వచ్చాయంటే మణిద్వీప వర్ణన వినపడుతుంది. దాని మూలం దేవీ భాగవతం పన్నెండో స్కంధం. ఇనుప ప్రాకారంతో మొదలై కంచు, రాగి, సీసం, వెండి, బంగారం దాటి, పుష్యరాగం, పద్మరాగం, గోమేధికం, వజ్రం, వైడూర్యం, ఇంద్రనీలం అంటూ లోపలికి వెళ్తున్నకొద్దీ ప్రాకారాల విలువ పెరుగుతుంది. నవరత్న ప్రాకారం కూడా దాటాక వచ్చేది చింతామణి గృహం, అమ్మవారి నివాసం. అందులో శృంగార, ముక్తి, జ్ఞాన, ఏకాంత మండపాలు నాలుగు. లలితా సహస్రనామంలోనూ ఆ ఇంటి పేరుతో అమ్మకొక నామం ఉంది.

ఒక్క చింతామణి దొరికితే చాలనుకుంటాడు మనిషి. ఆ పురాణ కవి ఏకంగా ఇల్లే వాటితో కట్టాడు. అక్కడ అది గోడరాయి, గుమ్మపురాయి. కోరికలు తీర్చే రాళ్లు గోడల్లో ఒదిగిపోయిన చోట కోరడానికి మిగిలేది లోపలున్న తల్లి ఒక్కతే. ఈ వర్ణనను సంపదల జాబితాగా మాత్రమే చదివితే ఆ లోపలి గది దాకా వెళ్లనట్టే.

దొరికినా నమ్మలేనివాడు

నాకు అన్నిటికంటే ఇష్టమైన చింతామణి కథ యోగవాసిష్ఠంలో ఉంది. శిఖిధ్వజుడనే రాజు మోక్షం కోసం భార్యనూ రాజ్యాన్నీ వదిలి అడవికి పోతాడు. భార్య చూడాల అప్పటికే జ్ఞాని. భార్యగా చెబితే వినడని కుంభుడనే మునికుమారుడి రూపంలో వచ్చి అతనికి ఈ కథ చెబుతుంది.

ఒకడికి డబ్బు, చదువు, తెలివి అన్నీ ఉన్నాయి. చింతామణి కావాలని తపస్సు మొదలుపెట్టాడు. మొదలుపెట్టినంతలోనే మణి ఎదుట ప్రత్యక్షమైంది. చెయ్యి చాస్తే అందేంత దగ్గర. వాడు చెయ్యి చాపలేదు, ఆలోచించడం మొదలుపెట్టాడు. ఇది నిజంగా చింతామణేనా? మహామహులు ఏళ్ల తరబడి కష్టపడితే దొరికేది నాకింత తేలిగ్గా దొరుకుతుందా? నా అదృష్టం అంతటిదా? ముట్టుకుంటే మాయమవుతుందేమో? ఇలా తర్కించుకుంటూ కూర్చున్నాడు. పట్టించుకోని చోట అలాంటివి నిలవవు, మణి వెళ్లిపోయింది. వాడు మళ్లీ తపస్సు చేశాడు. ఈసారి కొందరు సిద్ధులు ఒక గాజుముక్క తెచ్చి వాడి ముందు పడేశారు. ఎంతో కష్టపడ్డాక దొరికింది కాబట్టి ఇదే అసలుదని వాడు గట్టిగా నమ్మాడు. ఇక ఉన్న ఆస్తితో పనేమిటని ఇల్లూ వాకిలీ వదిలేసి, గాజుముక్క పట్టుకుని అడవికి పోయి నానా అగచాట్లు పడ్డాడు.

ఆ మనిషివి నువ్వేనంటుంది చూడాల. ఇంట్లో ఉండగానే నీకు అందబోయిన అసలైన త్యాగాన్ని వదులుకుని, అడవి, కమండలం, జింకచర్మం అనే గాజుముక్కను పట్టుకున్నావు అని విప్పి చెబుతుంది. కష్టపడితేనే విలువైనది దొరుకుతుందని, తేలిగ్గా వచ్చింది తక్కువదని మనందరికీ ఒక నమ్మకం. ఆ నమ్మకాన్ని ఇంత సూటిగా నిలదీసిన కథ నేనింకొకటి చదవలేదు. చెప్పించిన నోరు భార్యది కావడం దీని అందాన్ని ఇంకా పెంచింది.

అశ్వత్థామ నుదుటి మణి

భారతంలో అశ్వత్థామకు పుట్టుకతో వచ్చిన శిరోమణి ఉంది. అది ఉన్నవాడికి ఆయుధ భయం, రోగ భయం, ఆకలి, దేవ దానవ నాగుల భయం ఉండవు. ఉపపాండవుల్ని నిద్రలో చంపినందుకు దాన్ని అతను వదులుకోవాల్సి వచ్చింది. భీముడు తెచ్చి ద్రౌపదికి ఇచ్చాడు. ఆమె తన దగ్గర ఉంచుకోలేదు. ధర్మరాజు తలపై ధరించాలని కోరింది. అయిదుగురు కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లికి ఏ మణి ఏం చేయగలదు?

చింతామణి ఎలా పుడుతుంది?

బౌద్ధంలో దీనికి ఒకటి కాదు, అనేక సమాధానాలు ఉన్నాయి. అయిదో శతాబ్దం తొలి ఏళ్లలో కుమారజీవుడు చైనా భాషలోకి తెచ్చిన మహాప్రజ్ఞాపారమితా శాస్త్రం వాటిని ఒకచోట చేర్చింది. నాగరాజు మెదడు నుంచి పుడుతుందని కొందరు. అసురులతో యుద్ధంలో ఇంద్రుడి వజ్రాయుధం నుంచి రాలిన ముక్క అని కొందరు. మూడో మాట అన్నిటికంటే లోతైనది. గత బుద్ధుల ధాతువులు, అంటే అస్థికలు, ధర్మం లోకంలో కనుమరుగయ్యాక చింతామణులుగా మారి జనాన్ని ఆదుకుంటాయట. బోధించే గొంతు పోయాక కూడా ఆ కరుణ రాయిగానైనా మిగిలి ఉంటుందన్న నమ్మకం అది. జపాన్‌లోని షింగోన్ బౌద్ధులు ధాతువులనూ చింతామణినీ ఒకటిగా చూసి పూజించడానికి ఇదే పునాది.

అర్ధరాత్రి పొలానికి పోయిన ఊరు

చక్రవర్తికి ఏడు రత్నాలుంటాయని బౌద్ధులంటారు. చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, గృహపతి, మంత్రి. పాలి త్రిపిటకంలోని మహాసుదస్సన సుత్తంలో మణిరత్నం గురించి ముచ్చటైన ఘట్టం ఉంది. ఎనిమిది పలకలు తీర్చిన స్వచ్ఛమైన వైడూర్యం అది. దాని వెలుగు చుట్టూ ఒక యోజనం దాకా పరుచుకుంటుంది. మహాసుదస్సనుడు దాన్ని పరీక్షించాలనుకున్నాడు. చిమ్మచీకటి రాత్రి సేననంతా కట్టుకుని, మణిని ధ్వజం కొసన ఎత్తి బయలుదేరాడు. దారి పొడుగునా ఊళ్లవాళ్లు తెల్లారిందనుకుని లేచి పనుల్లోకి దిగారు. ఇంతకంటే సహజంగా మణి మహిమను ఎవరు చెప్పగలరు? బంగారం రాలలేదు, రాజ్యాలు రాలేదు. నిద్రపోతున్న జనానికి పగలు వచ్చింది.

అలాంటి చక్రవర్తి మన నేల మీదా ఉన్నాడు. ఎన్టీఆర్ జిల్లా జగ్గయ్యపేట స్తూపంలో దొరికిన సున్నపురాతి ఫలకంపై ఏడు రత్నాల నడుమ నిలబడి, చెయ్యి పైకెత్తిన చక్రవర్తి శిల్పం ఉంది. మబ్బుల్లోంచి చదరపు నాణేలు వానలా కురుస్తుంటాయి. బౌద్ధ కథల్లోని మాంధాతగా ఇతణ్ని గుర్తించారు. అమరావతి శిల్పరీతి తొలి రోజుల నాటి ఈ ఫలకం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. బంగారు వాన కురిపించుకున్న మాంధాతకు తృప్తి కలగలేదని, స్వర్గంలో ఇంద్రుడి సింహాసనం మీద సగం చాలక మొత్తం కోరి కిందపడ్డాడని కథ. శిల్పి మాత్రం అతణ్ని పడిపోయిన క్షణంలో కాదు, చెయ్యెత్తిన క్షణంలో చెక్కాడు.

అడిగితే వెళ్లిపోయిన నాగరాజు

మణికంఠ జాతకం చదివితే మనసు కొంచెం చివుక్కుమంటుంది. గంగ ఒడ్డున ఇద్దరు అన్నదమ్ములు వేర్వేరు కుటీరాల్లో తపస్సు చేసుకుంటున్నారు. మణికంఠుడనే నాగరాజు మనిషి రూపంలో తమ్ముడి దగ్గరకు రోజూ వచ్చేవాడు. కబుర్లు చెప్పుకునేవారు. వెళ్లబోయే ముందు ప్రేమ పట్టలేక నిజరూపం దాల్చి, అతని ఒంటికి చుట్టుకుని, తలపై పడగ విప్పి కాసేపు ఉండి వెళ్లేవాడు. స్నేహితుడి ప్రేమే అయినా పాము పామే. భయంతో తమ్ముడు చిక్కి శల్యమయ్యాడు, నరాలు తేలాయి.

అన్న సంగతి తెలుసుకుని ఉపాయం చెప్పాడు. నీ స్నేహితుడు ఏ నగ పెట్టుకుని వస్తాడు? మణి. అయితే రాగానే ఆ మణి ఇమ్మని అడుగు. మొదటిరోజు గుమ్మంలోనే అడిగాడు. రెండోరోజు అల్లంత దూరాన చూసి అడిగాడు. మూడోరోజు నీళ్లలోంచి తల పైకి రాగానే అడిగాడు. నాకున్నదంతా దీనివల్లే, నువ్వు అడగరానిది అడిగావు అని నాగరాజు నీటిలోకి పోయి మళ్లీ రాలేదు.

కథ ఇక్కడ ఆగి ఉంటే ఇది ఒక యుక్తి కథ. కానీ తర్వాత తమ్ముడు ఇంకా చిక్కిపోయాడు, ఈసారి ఆ అందమైన స్నేహితుడు కనబడక. కుటీరాలు కట్టుకోవడానికి కనిపించిన ప్రతివాణ్నీ అది ఇమ్మని ఇది ఇమ్మని యాచించి, జనం తమను చూస్తేనే తప్పుకునే స్థితి తెచ్చిన భిక్షువులకు బుద్ధుడు చెప్పిన కథ ఇది.

సముద్రాన్ని తోడిన కుర్రాడు

పేదల దారిద్ర్యం పోగొట్టాలని ఒకడు సముద్రానికి పోయి, నాగుల దగ్గర చింతామణి సంపాదిస్తాడు. నిద్రపోతుండగా నాగులు దాన్ని తిరిగి దొంగిలిస్తాయి. లేచి చూసి, తాబేటి చిప్ప తీసుకుని సముద్రాన్ని తోడటం మొదలుపెడతాడు. నవ్వినవాళ్లకు ఇది తరిగేదాకా తోడతానంటాడు. ఆ పట్టుదలకు దేవతలే దిగొచ్చి తోడటంలో చెయ్యి వేస్తే, నాగులు బెదిరి మణి తెచ్చి ఇస్తాయి. చైనాలోనూ టిబెట్‌లోనూ ప్రసిద్ధమైన ‘పండితుడూ పామరుడూ’ అనే సూత్ర సంపుటంలోది ఈ కథ.

దీని చుట్టమే మంచి రాజకుమారుడు, చెడ్డ రాజకుమారుడి కథ. అన్న మణి తెస్తే తమ్ముడు అతని కళ్లు పొడిచి దాన్ని ఎత్తుకుపోతాడు. దీని ఉయిఘూర్ భాషా ప్రతి చైనా ఎడారి అంచున ఉన్న దున్‌హువాంగ్ గుహల్లో దొరికింది. ఫ్రెంచి పండితుడు పాల్ పెలియో దాన్ని 1914లో అచ్చువేశాడు. మన దేశంలో పుట్టిన మణి ఒంటెల బాటల వెంట ఎంత దూరం పోయిందో చూడండి.

అదే దారిలో, ఎనిమిదో శతాబ్దపు శాంతిదేవుడు బోధిచర్యావతారంలో ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఆయన చింతామణి కావాలని కోరలేదు. ప్రాణులందరికీ తానే చింతామణి కావాలని, కామధేనువు, కల్పవృక్షం, మందు, వంతెన, దీపం కావాలని కోరాడు.

చొక్కా లోపలి మణి

సద్ధర్మ పుండరీక సూత్రంలో ఒక కథ: తాగి నిద్రపోతున్న పేద స్నేహితుడి బట్ట అంచులో ఒకడు వెలలేని మణిని కుట్టి, పనిమీద వెళ్లిపోతాడు. వాడు మెలకువ వచ్చాక ఊరూరా తిరిగి కూలీనాలీ చేసుకుంటూ బతుకుతాడు. ఏళ్ల తర్వాత ఎదురుపడిన స్నేహితుడు చెప్పేదాకా, ఒంటిమీదే మణి ఉందని తెలియదు. అదే గ్రంథంలో నాగరాజు కూతురు, ఎనిమిదేళ్ల పిల్ల, బుద్ధుడికి ఒక మణి సమర్పిస్తుంది. ఆడపిల్లకు బుద్ధత్వం ఎలా సాధ్యమని సందేహించిన శారిపుత్రుణ్ని, నేను ఇవ్వడం, ఆయన తీసుకోవడం ఎంత త్వరగా జరిగిందో చూశారా, నేను బుద్ధత్వం పొందడం అంతకంటే త్వరగా జరుగుతుంది అని గద్దిస్తుంది. ఎన్నో శతాబ్దాల నాటి మాటలివి!

దేవతల చేతుల్లో

టిబెట్ చిత్రాల్లో నాలుగు చేతుల అవలోకితేశ్వరుణ్ని దగ్గరగా చూడండి. గుండె దగ్గర జోడించిన రెండు చేతుల మధ్య కొంచెం ఖాళీ ఉంటుంది. అందులో ఉన్నది చింతామణి. ‘ఓం మణి పద్మే హూం’ అన్న ఆరక్షరాల మంత్రం ఈయనదే. దండం పెట్టే చేతుల్లోనే వరమిచ్చే మణి ఉండటం, ఇచ్చేవాడూ అడిగేవాడూ ఒకటైనట్టుగా అనిపిస్తుంది.

జపాన్‌లో దారుల పక్కన ఎర్ర గుడ్డ కట్టుకుని కనిపించే జిజో, మన సంస్కృతంలో క్షితిగర్భుడు. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో మణి. పిల్లలనూ బాటసారులనూ కాపాడతాడని నమ్మకం. టిబెట్ ధనదేవత జంభలుడి చేతిలో ముంగిస మణుల్ని కక్కుతుంటుంది. మణుల్ని దాచుకునేవి పాములైతే, వాటిచేత కక్కించగలిగింది ముంగిసే కదా. క్యోటోలోని ఫుషిమి ఇనారి గుడి నక్క విగ్రహాల్లో కొన్నిటి నోట తాళంచెవి, కొన్నిటి నోట వరికంకి, కొన్నిటి నోట మణి ఉంటాయి.

ఒసాకా దగ్గరి కన్‌షిన్‌జి గుడిలో తొమ్మిదో శతాబ్దపు ఆరుచేతుల న్యోయిరిన్ కన్నోన్ ఉంది. సంస్కృతంలో చింతామణిచక్ర అవలోకితేశ్వరుడు. ఒక చేతిలో మణి, ఒక చేతిలో చక్రం. ఇంకో చెయ్యి చెంపకు ఆనించి, తల ఒకవైపు వాల్చి ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. ఎవరికి ఏమివ్వాలో ఆలోచించకుండా ఇవ్వడం ఎలా? ఆ శిల్పి మణిని చేతిలో పెట్టి, ఆలోచనను ముఖంలో పెట్టాడు. ఏటా ఏప్రిల్ 17, 18 తేదీల్లో మాత్రమే ఈ విగ్రహాన్ని బయటివాళ్లకు చూపిస్తారు.

జెండాల మీద, రాజముద్రల మీద

మంగోలియా రాజముద్ర పైభాగాన మూడు మణులు కలిసిన చింతామణి ఉంటుంది. వాళ్లు ‘చంద్‌మని’ అంటారు. భూత వర్తమాన భవిష్యత్తులకు గుర్తుగా 1992 నుంచి అది అక్కడ ఉంది. భూటాన్ జాతీయ జెండాపై డ్రాగన్ గోళ్లలో బిగించి పట్టుకున్నవి కూడా మణులే, దేశ సంపదకు గుర్తు. లాసాలో 1755లో ఏడో దలైలామా కట్టడం మొదలుపెట్టిన వేసవి విడిది నోర్బులింకా, అంటే మణివనం. హిమాలయాల్లో గాలికి రెపరెపలాడే ప్రార్థన జెండాల నడుమ గుర్రం ఉంటుంది. దాని వీపు మీద మండుతున్నట్టు కనిపించేది చింతామణే.

రత్నాల వ్యాపారి కట్టిన గుడి

జైనులు ఇరవైమూడో తీర్థంకరుణ్ని చింతామణి పార్శ్వనాథుడని పిలుచుకుంటారు. జైసల్మేరు కోటలో ఆ పేరుతో గుడి ఉంది. అహ్మదాబాదులో మొగలుల ఆస్థాన రత్నాల వర్తకుడు శాంతిదాస్ జవేరి 17వ శతాబ్దంలో ఇంకొకటి కట్టించాడు. 1638లో వచ్చిన జర్మన్ యాత్రికుడు మాండెల్స్‌లో దాన్ని చూసి రాసుకున్నాడు. ఆ గుడి ఇప్పుడు లేదు. జీవితమంతా రాళ్లకు వెలకట్టిన మనిషి, వెలకట్టలేని మణి పేరుతో గుడి కట్టుకోవడం నన్ను ఆకట్టుకుంది. అన్నట్టు, పార్శ్వనాథుడి మీద భద్రబాహువు రాసిందని చెప్పే ఉవసగ్గహర స్తోత్రం, సమ్యక్త్వం అంటే సరైన దృష్టి చింతామణినీ కల్పవృక్షాన్నీ మించినదంటుంది.

తమిళంలో అయిదు మహాకావ్యాల్లో ఒకటైన జీవక చింతామణి కూడా జైన ముని తిరుత్తక్కదేవరు రాసినదే. తాటాకుల్లో మరుగున పడ్డ ఆ కావ్యాన్ని ఉ.వే. స్వామినాథయ్యరు 1887లో పరిష్కరించి అచ్చువేయించారు. శైవుడైన ఆయన, కావ్యంలోని జైన సంగతులు తెలుసుకోవడానికి కుంభకోణంలోని జైనుల ఇళ్లకు వెళ్లి అడిగి నేర్చుకున్నారు.

పుస్తకాల పేర్లలో

మన పండితులకు ఈ పేరంటే ఎంత మోజో! హేమచంద్రుడి నిఘంటువు అభిధాన చింతామణి. గంగేశుడి తర్కగ్రంథం తత్త్వ చింతామణి. మేరుతుంగుడి కథాసంపుటం ప్రబంధ చింతామణి. హేమాద్రి ధర్మశాస్త్రం చతుర్వర్గ చింతామణి. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి మానసోల్లాసానికి అభిలషితార్థ చింతామణి అని ఇంకో పేరు. రత్నపరీక్ష నుంచి వంటల దాకా అందులో లేనిది లేదు.

తెలుగులో, నన్నయ రాశాడని సంప్రదాయం చెప్పే సంస్కృత సూత్రాల తెలుగు వ్యాకరణం ఆంధ్రశబ్ద చింతామణి. వల్లభాచార్యుడి వైద్య చింతామణి మన వైద్యుల ఇళ్లలో తరాలుగా ఉన్న గ్రంథం. పందొమ్మిదో శతాబ్దం చివర రాజమండ్రి నుంచి వచ్చిన ‘చింతామణి’ పత్రిక నవలల పోటీలు పెట్టింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం బహుమతులు గెలుచుకున్నది అక్కడే. తెలుగు నవల నిలదొక్కుకోవడంలో ఆ పోటీల పాత్ర చిన్నది కాదు.

ఇక మనిషి పేరుగా: లీలాశుకుడు బిల్వమంగళుడి కథలో చింతామణి ఒక వేశ్య. తన మీద పెట్టుకున్న పిచ్చి ప్రేమను దేవుడి మీద పెట్టమని ఆమె అన్న మాటతోనే అతను మారిపోయాడంటారు. అతని శ్రీకృష్ణ కర్ణామృతం మొదటి శ్లోకం ఆమె పేరుతోనే మొదలవుతుంది. ఆ తర్వాతే గురువు సోమగిరి పేరు. కాళ్లకూరి నారాయణరావు నాటకానికీ, 1956లో భానుమతి నటించిన సినిమాకూ మూలం ఈ కథే.

నాగమణి మాట

ఈ కథల్లో కొన్నిటిలో పాములున్నాయి కాబట్టి ఒక్కమాట చెప్పాలి. ఏ నాగుపాము పడగలోనూ మణి ఉండదు. పాము శరీరంలో అలాంటిది తయారయ్యే భాగమే లేదు. నాగమణి పేరుతో అమ్మేవి గాజుముక్కలో మామూలు రాళ్లో. ఆ ఆశతో పాముల్ని చంపడం పాపం, వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా. కథలోని మణిని కథలోనే ఉంచాలి. అక్కడే అది పని చేస్తుంది.

ప్రశ్న అడిగితేనే

యూరప్‌లోనూ ఇలాంటి రాయి ఉంది. క్రీస్తు పాత్రగా ప్రసిద్ధమైన గ్రెయిల్‌ను, 13వ శతాబ్దం తొలినాళ్లలో జర్మన్ కవి వోల్‌ఫ్రామ్ తన పార్సివాల్ కావ్యంలో రాయిగా వర్ణించాడు. దాని ముందు కూర్చున్నవారికి కోరుకున్న తిండీ పానీయం దొరుకుతాయి. అయినా ఆ రాయిని కాపాడే రాజు మానని పుండుతో మూలుగుతుంటాడు. కోరినవన్నీ ఇచ్చే రాయి ఆ పుండును మాన్పలేదు. పార్సివాల్ మొదటిసారి ఆ విందుకు వెళ్లినప్పుడు మర్యాద కాదని ఏమీ అడగకుండా వచ్చేస్తాడు. ఏళ్లు తిరిగి మళ్లీ వెళ్లి, నీ బాధేమిటి అని రాజును అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నతో పుండు మానుతుంది.

విశాఖ దాకా వచ్చిన దారి

రష్యన్ చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ 1924లో ‘లోకనిధి – చింతామణి’ అనే బొమ్మ గీశాడు. కొండల నడుమ ఒంటరి గుర్రం, వీపున వెలుగుతున్న నిధి. టిబెట్ ప్రార్థన జెండాల మీది గుర్రమే అది. 1935లో వాషింగ్టన్‌లో సంతకాలైన రోరిక్ ఒప్పందం యుద్ధాల్లో మ్యూజియాలనూ కళానిలయాలనూ కాపాడటానికి పుట్టింది. దాని జెండాపై వలయంలో మూడు ఎర్రటి గుండ్రాలు ఉంటాయి. భూత వర్తమాన భవిష్యత్తులని ఆయన చెప్పిన అర్థాల్లో ఒకటి, అచ్చం మంగోలియా చంద్‌మని లాగానే. ఆయన కులూ లోయలో స్థిరపడి 1947లో అక్కడే పోయాడు. చిన్నకొడుకు స్వెతొస్లావ్ కూడా చిత్రకారుడే. 1945లో అతను పెళ్లాడింది తొలితరం హిందీ సినిమా తార, తొలి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్న దేవికారాణిని. ఆమె పుట్టింది మన విశాఖ వాల్తేరులో.